చెంప మీద వెలుగాకు

మా పిన్ని ఫోటోలు తీస్తుందని ఎవరైనా అంటే ఆవిడకు నచ్చదు. "తీసేది కెమెరా. నేను లైటు పెడతాను," అంటుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. ఇంట్లో అందరూ ఎప్పుడో సరే అనేశారు. నేను ఆవిడ అక్క కూతుర్ని, పైగా ఆవిడ దగ్గరే పనిచేస్తున్నాను కాబట్టి, కుందేటికి నాలుగో కాలు కూడా ఉందని అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను. తిట్లు తింటుంటాను.

స్టూడియో అంటే గడియారాలు బాగుచేసే కొట్టు మీద ఒక్క గది. ఇరుకు మెట్లు ఎక్కి లోపలికి రాగానే, వచ్చినవాళ్ళు ఇంకో గది ఎక్కడుందా అని వెతుకుతారు. లేదు. ఉన్నదానిలోనే ఒక మూల తెర కట్టి నాకు కంప్యూటరు పెట్టారు. పిన్ని తీసిన ముఖాల మీద మొటిమలు, కోట్ల మీద దారప్పోగులు నేను చెరుపుతాను. పిన్ని పెళ్ళిళ్ళు తీయదు, పిల్లల్ని తీయదు. తల నుంచి భుజాల దాకా, అంతే. కొత్తగా ఆఫీసు తెరిచిన వకీళ్ళు, ఆస్పత్రి గోడ మీద పేరుతో పాటు ఫోటో ఉండాల్సిన డాక్టర్లు, ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, వీళ్ళంతా ఆవిడ కోసం ఊరు ఆ చివర నుంచి కూడా వస్తారు.

చిన్న గదిలో వెలుగుతో వేగడం చిన్న విషయం కాదు. మొదట్లో గోడలు తెల్లగా ఉండేవట. లైటు ఒక పక్క నుంచి వేస్తే ఆ వెలుగు ఎదుటి గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, నీడ ఉండాల్సిన చెంపను కూడా కడిగేసేది. ముఖాలన్నీ పిండి పూసినట్టు వచ్చేవి. పిన్ని గోడలకు పలక రంగు వేయించింది, అదీ చాలక నల్ల దుప్పట్లు వేలాడదీసింది. ఇంటి ఓనరు వచ్చి చూసి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడట. తరవాత కప్పుతో తగాదా వచ్చింది. లైటు కంటికన్నా ఎత్తులో ఉండాలి, కప్పేమో చెయ్యి ఎత్తితే తగులుతుంది. కప్పు పైకి లేవదు కాబట్టి పిన్ని మనిషిని కిందికి దించింది. స్టూలు కాళ్ళు కోయించింది. ఎంత పెద్ద ఆఫీసరైనా మా స్టూడియోలో పీట మీద కూర్చున్నంత కిందికి కూర్చోవాల్సిందే.

ఆ స్టూలు మీద అందరికన్నా ముందు కూర్చునేది మా బాబాయ్. పిన్ని భర్త. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పనిలో ఉన్నప్పుడు కూడా డ్యూటీ దిగగానే యూనిఫాంతోనే వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవాడు. ఎందుకంటే పిన్నికి ఒక పద్ధతి ఉంది. ఫోటో దిగడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి లైట్లు జరుపుతూ ఉంటే, ఆ జరపడం పూర్తయ్యేసరికి ముఖం చద్దిబడిపోతుందంటుంది. కాబట్టి లైటు ముందు బాబాయ్ మీద కుదరాలి. అంతా కుదిరాక బాబాయ్ లేస్తాడు, వచ్చినవాళ్ళు కూర్చుంటారు. అప్పుడు పిన్ని ఆ కొత్త ముఖాన్ని ఒకసారి చూసి, "ఈయన ముక్కు మా ఆయన ముక్కు కంటే పొడుగు," అని లైటు ఒక వేలెడు దించుతుంది. లేదా "కళ్ళు లోతు," అని కాస్త ముందుకు లాగుతుంది. అంతే, టక్కున ఫోటో. దుకాణంలో తూకపు రాయి ఎలాగో, మా స్టూడియోలో బాబాయ్ ముఖం అలాగ.

నేల మీద రంగురంగుల టేపు ముక్కలు ఉంటాయి. లైటు స్టాండు కాళ్ళు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు. కళ్ళజోడు వాళ్ళకు నీలం, దరఖాస్తు ఫోటోలకు పసుపు. ఎర్రది పిన్నికి ప్రాణం. ఆ గుర్తు మీద స్టాండు పెడితే లైటు మనిషికి కుడిపక్కన, కాస్త ముందుకు, కాస్త ఎత్తులో ఉంటుంది. అప్పుడు ముఖంలో ఎడమ సగం నీడలోకి పోతుంది. ముక్కు నీడ సాగి చెంప నీడను తాకుతుంది. ఆ నీడల మధ్య, సరిగ్గా ఎడమ కంటి కింద, చిన్న వెలుగు ముక్క మిగులుతుంది. మూడు మూలలు, కింది కొస సన్నగా. పుస్తకాల్లో దానికేదో పెద్ద పేరుంది. పిన్ని ఆకు అంటుంది. "ఆకు పడిందా, ఇక మనిషి లోపల ఎవరున్నారో కనబడతారు," అంటుంది. ఈ గుర్తులన్నీ బాబాయ్ ముఖానికి కొలిచి వేసినవి. గది తుడిచేటప్పుడు తడిగుడ్డ ఎర్ర టేపుకు తగిలిందా, ఆ పూట నాకు భోజనం దిగదు.

"కాస్త ముందుకు జరగండి," అంటుంది పిన్ని, లైటు వెనక నుంచి.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళో అందరికీ ఇదే మాట చెప్పాను. ఆ పాపం ఊరికే పోతుందా?" అంటాడు బాబాయ్, జరుగుతూ.

రోజూ అదే మాట, అదే జవాబు. పిన్ని నవ్వదు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, వాళ్ళ భుజాలు వదులవుతాయి. అసలు ఆ గదిలో పిన్ని ఎవర్నీ నవ్వమని అడగదు. అడిగి తెచ్చుకున్న నవ్వులో పళ్ళు తప్ప ఏమీ ఉండవంటుంది. ఆ పని బాబాయ్ చేసిపెడతాడు. బాబాయ్ మీద లైటు చూసుకోవడానికి పిన్ని రోజూ నొక్కే ఫోటోలు మాత్రం సాయంత్రానికి నేను చెరిపేస్తాను. అన్నేళ్ళు లైటు ముందు కూర్చున్న మనిషి ఫోటో ఒక్కటి కూడా మా గోడ మీద లేదు.

ఆ రోజు ఉదయం ఒక కుర్ర వకీలు వచ్చాడు. కొత్త నల్లకోటు, మడత ఇప్పుడే విప్పినట్టు ఉంది. ఆఫీసు తలుపు పక్కన పెట్టుకోవడానికి ఫోటో కావాలన్నాడు. పిన్ని అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, "మీకు ఆకు పడాలి," అంది. అతను నావైపు చూశాడు. కంగారేం లేదని చెప్పాను.

బాబాయ్ స్టూలు మీద కూర్చుని, ఎప్పట్లాగే తెల్ల థర్మోకోల్ అట్ట ఎడమ చేత్తో ఒళ్ళో పట్టుకున్నాడు. నీడ మరీ నల్లబడకుండా అది కాస్త వెలుగును పైకి విసురుతుంది. పిన్ని ఎర్ర గుర్తు మీద స్టాండు పెట్టి, ముందు తెల్లగుడ్డ కట్టిన పెద్ద డబ్బా లైటు వేసింది. చూసింది. మళ్ళీ చూసింది.

"నేల తుడిచావా?" అంది నాతో.

"తుడిచాను. టేపు ముట్టుకోలేదు."

"ముట్టుకున్నావు. ఆకు కింద మూసుకోవడం లేదు."

నాకు ఒళ్ళు మండింది. వచ్చి చూపించాను. స్టాండు మూడు కాళ్ళూ టేపు మీదే ఉన్నాయి. పిన్ని దర్జీల కొలత టేపు తెచ్చి ఎత్తు కొలిచింది. సరిగ్గానే ఉంది. లైటు కాస్త దించింది, కాస్త ఎత్తింది. ఆకు పైన కుదిరితే కింద విడిపోతోంది, కొస కలవాల్సిన చోట కలవక వెలుగు పెదవి వైపు జారుతోంది. పిన్ని బల్బు విప్పి, తుడిచి, కొత్తది పెట్టింది. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కదా పిన్నీ అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

"ఇవాళ లైటుకు ఒంట్లో బాగున్నట్టు లేదు," అన్నాడు బాబాయ్.

పిన్ని చేస్తున్న పొరపాటు ఏమిటో అప్పుడు నాకు తెలియదు, ఆవిడకూ తెలియదు. నన్ను అనుమానించింది, టేపును అనుమానించింది, స్టాండును, బల్బును, ఆఖరికి కిటికీ తెర సందులోంచి ఎండ వస్తోందేమోనని దాన్ని కూడా. ఒక్క ముఖాన్ని మాత్రం అనుమానించలేదు. తూకం తేడా వస్తే ఎవరైనా తక్కెడ చూసుకుంటారు, సరుకు చూసుకుంటారు. రాయి మారిపోయిందని ఎవరనుకుంటారు?

బాబాయ్ ఒళ్ళోంచి థర్మోకోల్ అట్ట జారి నేల మీద పడింది. ఆయన వంగలేదు. దానివైపు చూడను కూడా లేదు. ఎడమ చెయ్యి ఇంకా అట్ట పట్టుకున్నట్టే ఒళ్ళో ఉంది.

పిన్ని లైటు వదిలేసి వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"ఏమండీ, ఒకసారి నవ్వండి."

ఆ మాట ఆ గదిలో నేను ఎప్పుడూ వినలేదు. బాబాయ్ కూడా ఆశ్చర్యపోయినట్టున్నాడు, పెళ్ళాం అడగక అడగక అడిగింది కదా అని నవ్వాడు. కుడిపక్క నవ్వింది. ఎడమపక్క అలాగే ఉండిపోయింది.

"కారుందా బాబూ?" అంది పిన్ని వెనక్కి తిరక్కుండానే.

వకీలు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆ ఇరుకు మెట్ల మీద బాబాయ్‌ని అతను ముందు నుంచి, నేను వెనక నుంచి పట్టుకుని దించాం. గడియారాల ఆయన కొట్టు వదిలేసి వచ్చి కారు తలుపు తీశాడు. దారంతా బాబాయ్ నాకేం కాలేదు, నాకేం కాలేదు అంటూనే ఉన్నాడు. ఆ మాటలు ఆస్పత్రి చేరేసరికి ఒకదానికొకటి రాసుకోవడం మొదలుపెట్టాయి.

మెదడులో రక్తనాళానికి అడ్డు పడిందన్నారు. మందు పనిచేసే సమయంలోనే తీసుకొచ్చారనీ, ఇంకాస్త ఆలస్యమైతే కాలూ చెయ్యీ దక్కేవి కావేమోననీ డాక్టరు చెప్పింది. ఎలా కనిపెట్టారని అడిగింది. పిన్ని ఆకు సంగతి చెప్పింది. చెప్పి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"లైటు చూసుకుంటూ టైం పాడు చేశానమ్మా. బల్బు కూడా మార్చాను."

"మీరు లైటునైనా అనుమానించారు," అంది డాక్టరు. "చాలా ఇళ్ళలో ఏదీ అనుమానించరండీ. కాసేపు పడుకుంటే పోతుందంటారు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. పిన్నిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆవిడ మొండితనం చూశాను, చాదస్తం చూశాను, వేలెడు ఎత్తు కోసం ఆవిడ చేసే రభస చూసి విసుక్కున్నాను. ఒక మనిషి ఇంకో మనిషి చెంప మీద వెలుగును ఇంతగా ఎరిగి ఉండటం సాధ్యమని నాకు తెలియదు. అద్దంలో చూసుకునే బాబాయ్‌కే తెలియని మార్పు, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పిన నాకు కనబడని మార్పు, ఆవిడకు ఒక నీడ కొసలో కనబడింది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో పిన్ని కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకున్నాను.

కాలు నిలిచింది. చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది. మాట కాస్త రాసుకుంటుంది గానీ అర్థమవుతుంది. నోటి ఎడమ మూల మాత్రం కిందికి జారి అలాగే ఉండిపోయింది. కంటికి పెద్ద తేడా ఏమీ కాదు. కానీ బాబాయ్‌కి అదే కొండంతైంది. ఎవరైనా పలకరించడానికి వస్తే నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకునేవాడు. గడ్డం గీసుకోవడం కూడా అద్దం లేకుండానే. ముందుకు జరగండి అని ఎవరితోనూ అనలేదు. స్టూడియో మాట ఎత్తితే గోడవైపు తిరిగేవాడు.

పిన్ని వారం తిరక్కుండానే స్టూడియో తలుపు తీసింది గానీ, పని సాగలేదు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. నా ముక్కు పొట్టిది, నీడ చెంప దాకా పోదు. నీ ముక్కుతో లాభం లేదని లేపేసింది, అదేదో నా తప్పయినట్టు. టోపీల కొట్టు నుంచి బొమ్మ తల తెచ్చింది. దానికి కళ్ళల్లో తడి లేదని మర్నాడే తిరిగిచ్చేసింది. వచ్చినవాళ్ళనే కూర్చోబెట్టి లైటు జరిపితే ఆవిడ అన్నట్టే ముఖాలు చద్దిబడ్డాయి. ఫోటోలు చెడ్డవి కావు. వీధి చివర ఎవరైనా తీసేలాంటివి. పిన్ని అవి చూసి లైటు ఆర్పేసేది.

"ఇంకెవరినైనా పెట్టుకోకూడదా?" అన్నాను ఒకరోజు.

"నాకు ఇంకో మొహం రాదే," అంది పిన్ని. "ఆయన రాకపోతే ఈ పని నా వల్ల కాదు." ఆవిడ నోట అలాంటి మాట వినేసరికి నాకు భయం వేసింది.

ఇంటికెళ్ళి బాబాయ్‌ని అడిగాను. రుమాలు వెనక నుంచి చెప్పాడు.

"తూకం పోయిన రాయితో ఎవరైనా తూస్తారటమ్మా? మీ పిన్నికి చెప్పు, కొత్త రాయి చూసుకోమని."

పిన్ని తలుపు దగ్గరే నిలబడి విన్నది. బతిమాలలేదు, కోప్పడలేదు. వంటింట్లోకి వెళ్ళిపోయింది. పోట్లాడి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఆ ఆదివారం వకీలు పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చాడు. బాబాయ్ రుమాలు సర్దుకున్నాడు.

"మీ ఫోటో అయిందా బాబూ?"

"ఎలా అవుతుందండీ? ఆ రోజు నా ముందు మీరు కూర్చున్నారు. మీ పని తెమిలితే కదా నా వంతు."

"నా పని తెమిలిపోయింది. మీరు కూర్చోండి."

"క్యూ తప్పమంటారా? కండక్టరుగా చేసినవారు, మీరే ఆ మాట అంటే ఎలాగండీ?"

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ క్యూ తప్పినవాళ్ళతో గొంతు పోయేలా దెబ్బలాడిన మనిషి బాబాయ్. వకీలేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అరటిపండు ఒలుచుకుంటున్నాడు. అతనికి కేసులు ఎన్ని వస్తాయో తెలియదు గానీ, ఇది మాత్రం గెలిచాడు.

మర్నాడు ఉదయం బాబాయ్ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు, రుమాలు నోటి మీదే ఉంది. వకీలు బెంచీ మీద కూర్చున్నాడు. పిన్ని స్టాండును ఎర్ర గుర్తు మీద పెట్టి లైటు వేసింది. రుమాలు తీయమని అనలేదు. ఊరికే నిలబడింది. కాసేపటికి ఆయనే తీశాడు.

ఆకు పడలేదు. కింద విడిపోయి, వెలుగు జారిన పెదవి మూల మీదికి పాకింది.

"చూశావా," అన్నాడు బాబాయ్ పిన్నితో. తరవాత తెర దగ్గరున్న నావైపు తిరిగాడు. "కంప్యూటర్లో సరిచేసెయ్యవచ్చు కదమ్మా? కాస్త ఈ మూల పైకి లాగితే సరిపోతుంది. ఆ బొమ్మ చూసుకుని మీ పిన్ని లైటు పెట్టుకుంటుంది."

చేయగలను. రెండు నిమిషాల పని. నేను నోరు తెరిచేలోపు పిన్ని నేల మీద కూర్చుంది. గోటితో ఎర్ర టేపు కొస లేపి, ఊడబెరికింది. ఒకటి, ఇంకొకటి, మూడోది కూడా. ఏళ్ళ తరబడి అంటుకుని ఉన్న టేపు, కింద నేల వేరే రంగులో ఉంది. ఆ మూడు ముక్కలూ ఉండ చుట్టి నా చేతిలో పెట్టింది.

పిన్ని లేచి స్టాండు పట్టుకుని ఆయన చుట్టూ నడవడం మొదలుపెట్టింది. కుడిపక్క నుంచి ముందుకు వచ్చింది, అక్కడ ఆగలేదు. ఎడమపక్కకు వెళ్ళింది. జారిన చెంప మీదికి, వంగిన పెదవి మూల మీదికి వెలుగు నేరుగా వచ్చింది. ఆ పక్క నీడలోకి తోసేస్తుందేమో అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆవిడ దాచలేదు. లైటు కాస్త దించింది, కాస్త వెనక్కి లాగింది, ఆగింది, మళ్ళీ కదిలింది. బాబాయ్ ముఖాన్ని కొత్తగా అప్పుడే చూస్తున్నట్టు చూస్తోంది.

అలవాటు కొద్దీ బాబాయ్ స్టూలు జరపబోయాడు. "ముందుకు జరగాలా?"

"వద్దు. కదలకండి," అంది పిన్ని. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని జరిపాను. ఈసారి నేను జరుగుతాను."

అని, ఇంకో అడుగు వేసింది. బాబాయ్ కుడి కంటి కింద నీడలు కలుసుకున్నాయి. వాటి పైన, సన్నటి కొసతో, ఆకు పడింది.

బెంచీ మీద వకీలు లేచి నిలబడ్డాడు, ఎందుకో తెలియదు. నేను అన్నేళ్ళుగా ఆ ముఖాన్ని రోజూ చెరుపుతున్నాను, ఎప్పుడూ చూడలేదన్నమాట. ఒక పక్క వంగిన నోరు, దాని మీద దాపరికం లేని వెలుగు, రెండో పక్క నీడలో చిన్న ఆకు, రెండు కళ్ళల్లోనూ తడి. ఇంత అందమైన మనిషిని నేను చూడలేదు. ఆ మాట పైకే అన్నాను కూడా. పిన్ని కెమెరా నొక్కింది.

"ఇది టెస్టు కాదు," అంది నాతో. "చెరపకు. మూల కూడా ముట్టుకోకు."

తరవాత కొత్త టేపు చుట్ట తీసి, స్టాండు మూడు కాళ్ళ కిందా ఎర్ర గుర్తులు వేసింది. గట్టిగా అదిమింది.

బాబాయ్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా లేచి, స్టూలు తట్టి, వకీలు వైపు చెయ్యి చాపాడు.

"రండి సార్, సీటు ఖాళీ అయింది," అన్నాడు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి."

మాటలు కాస్త రాసుకున్నాయి. కింద గడియారాల కొట్టు దాకా వినబడ్డాయి.